సరిచూసినవారు

రికార్డుల గది, రెండో అంతస్తు
జనవరి 9

బావకి,

ఇక్కడ క్షేమం. అక్క పంపిన ట్రంకు పెట్టె చేరింది. మూత తీయగానే మన షాపు వాసన వచ్చింది. ఇత్తడి పాలిషు, కిరసనాయిలు, మామయ్య చేతులు తుడుచుకునే గుడ్డ. పక్క బల్ల ఆవిడ తుమ్మి కిటికీ తెరిచింది. నేను మూసేశాను.

లెక్కపెట్టాను. మూడువేల నూట ఇరవై కార్డులు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మరమ్మతుకి వచ్చిన ఒక్కో త్రాసుకీ ఒక్కో కార్డు. పాత షాపుల రికార్డులు సేకరించే మా ఆఫీసు, వీటిని కంప్యూటరులోకి ఎక్కించే పని నాకే ఇచ్చింది. ఆ షాపులో పని నేర్చుకున్నవాణ్ణి ఈ ఆఫీసులో నేనొక్కణ్ణే.

పద్ధతి ఇది. కార్డు మీద ఉన్న ప్రతి విషయానికీ ముందొక చీటీ, వెనకొక చీటీ తగిలిస్తాం. త్రాసు, తేదీ, సరిచేసినవారు, సరిచూసినవారు, ఇలా. దీన్ని ఎక్స్‌ఎంఎల్ అంటారు. ఏ చీటీ ఉండి తీరాలో, ఎన్ని ఉండాలో, లోపల ఏముండాలో ముందుగా ఒక చట్టం రాసిపెడితే, యంత్రం ఒక్కో కార్డునీ దానితో పోల్చి చెల్లుతుందో లేదో చెప్తుంది. ఆ చట్టం రాయడానికి నాలుగు భాషలున్నాయి. ఏది వాడాలో నన్నే తేల్చమంది మా సెక్షన్ హెడ్. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, మాట కచ్చితం. జూన్ ముప్ఫై గడువు. చెల్లిన కార్డులు భద్రంగా దాచి, అడిగినవాళ్ళకి చూపిస్తారు. చెల్లనివి కాగితం గుజ్జుకి పోతాయి. స్థలం లేదట.

మామయ్య పోయారు. షాపు పోయింది. బోర్డు కూడా మిగల్లేదు. మిగిలినవి ఇవే. అందుకే భాష విషయంలో తొందరపడటం లేదు. చివరేళ్ళ కార్డులు పైన ఉన్నాయి కాబట్టి వాటితో మొదలుపెట్టాను. నీకు గుర్తున్నవి ఏమైనా ఉంటే రాయి.

ఈ రోజు ఎక్కించినవి 48.

చిట్టా


ఇల్లు, వెనక వరండా
జనవరి 17

ఒరేయ్ చిట్టా,

ఫోనులో 'ఊ' తప్ప అనవు, ఉత్తరంలో ఇన్ని వాక్యాలా. మీ అక్కకి చదివి వినిపిస్తే, "ఒంట్లో బాగానే ఉందా వాడికి?" అంది. రోజూ ఏం చేశావో పుస్తకంలో రాసుకునే అలవాటు ఇంకా పోలేదన్నమాట. నీకు చిట్టా అని పేరు పెట్టినవాణ్ణి నేనే అయినా, ఉత్తరం కింద కూడా పద్దు రాస్తావనుకోలేదు.

ఆ ట్రంకు పెట్టె నేను పంపలేదు. బజారుకెళ్ళి వచ్చేసరికి మీ ఆఫీసు వ్యానులో ఎక్కించేసింది మీ అక్క. "మంచం కింద ఇరవై ఏళ్ళుగా కాళ్ళకి తగుల్తోంది. తమ్ముడి దగ్గరైతే పదిలంగా ఉంటుంది" అని ఆవిడ వాదన. ఆవిడతో వాదించి గెలిచినవాడు నాకింకా తారసపడలేదు.

గుర్తున్నవి రాయమన్నావు. మందులూ బంగారమూ తూచే సన్నత్రాసుని గాజుపెట్టె తలుపు తెరిచి సరిచూసే వేళ నాన్న ఫ్యాను కట్టించి, తలుపులు మూయించి, "ఊపిరి బిగబట్టండిరా" అనేవారు కదా. నువ్వొకసారి మరీ బిగబట్టి కళ్ళు తేలేశావు. నేను తుమ్మాను. ముల్లు గిర్రున తిరిగింది. గంటన్నర పని మళ్ళీ మొదటికి. ఆ మర్నాటి నుంచి సరిచూసేముందు నాన్న నాకో చేతిరుమాలు మడతపెట్టి ఇచ్చేవారు, నేను పెళ్ళికొడుకునైనట్టు.

నాలుగు భాషల్లో ఏది తక్కువ ప్రశ్నలడుగుతుందో అది తీసుకో. కాపురాలు కూడా అలాంటివాళ్ళతోనే నిలుస్తాయి. (మీ అక్క వెనకనుంచి చదువుతోంది. "మరి నాతో ఎలా నిలిచిందో రాయండి" అంటోంది.)

బావ


రికార్డుల గది
ఫిబ్రవరి 20

బావా,

నువ్వన్నట్టు తక్కువ ప్రశ్నలడిగేది డీటీడీ. నాలుగింటిలో పాతది. తేదీ అన్న చీటీ ఉంటే దానికి చాలు. లోపల గురువారం అని రాసినా తలూపుతుంది, గొడుగు అని రాసినా తలూపుతుంది.

ఎక్స్‌ఎంఎల్ స్కీమా దానికి పూర్తిగా ఎదురు. తేదీ అంటే సంవత్సరం, నెల, రోజు. బరువంటే అంకె. మామయ్య ఒక కార్డు మీద తేదీకి బదులు 'వానలు తగ్గాక మందుల షాపాయన మళ్ళీ వచ్చిన రోజు' అని రాశారు. అదీ తేదీయేనని దానికి నచ్చజెప్పే దారులున్నాయి. కాని అందుకు రెండు పేజీల అర్జీ పెట్టుకోవాలి.

మూడోది రిలాక్స్ ఎన్‌జీ. క్లుప్తంగా ఉంటుంది. కార్డులో త్రాసు ఉండాలి, తేదీ ఉంటే ఉంటుంది, లేకపోతే గుర్తున్న మాట ఉంటుంది. ఇలా మనం చెప్పుకున్నట్టే రాసుకోవచ్చు. పెద్దగా చదువుకోని నాకే వారంలో వచ్చేసింది.

నాలుగోది స్కీమాట్రాన్. ఇది చీటీల వరుసతో పని పెట్టుకోదు. ఒక చీటీని ఇంకో చీటీతో పోల్చి నిలదీస్తుంది. త్రాసు తిరిగిచ్చిన రోజు తెచ్చిన రోజుకంటే ముందెలా వచ్చిందని అడుగుతుంది. పైగా తప్పు దొరికినప్పుడు యంత్రం ఏమనాలో ఆ మాటలు మనమే రాయాలి.

నేను మామయ్య మాటలు రాశాను. 'తిరిగిచ్చావు సరే, ఎవరి చేతిలో పెట్టావురా?' 'ఏ రాయితో తూచావో చెప్పకుండా బరువు చెప్తే ఎవడు నమ్ముతాడు?' నిన్న ఒక కార్డుకి రెండో మాట తెర మీదికి వచ్చింది. కాసేపు పని ఆపి కూర్చున్నాను. ఎందుకాపారని పక్క బల్ల ఆవిడ అడిగితే యంత్రం వేడెక్కిందని చెప్పాను.

అందుకని మూడోదీ నాలుగోదీ కలిపి వాడాలని తేల్చాను. ఒకటి రూపం చూస్తుంది, ఒకటి నిజం అడుగుతుంది. సెక్షన్ హెడ్ ఒప్పుకుంది. మామయ్య గాజుపెట్టె మీద ఎర్ర రంగుతో రాసిపెట్టిన నియమం ఇంకా రాయలేదు. 'సరిచేసినవాడు సరిచూడకూడదు.' దాన్ని చివరికి ఉంచుకున్నాను. అన్నిటికంటే పెద్దది కదా.

ఈ రోజు ఎక్కించినవి 51.

చిట్టా


ఇల్లు
ఫిబ్రవరి 28

చిట్టా,

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు. ఆ నాలుగో భాష వదిలెయ్. డీటీడీ చాలు. మూడువేల కార్డులూ చెల్లుతాయి, నీ గడువూ తీరుతుంది, మీ హెడ్‌కీ తలనొప్పి ఉండదు.

పోయినవాళ్ళ కార్డుల్ని నిలదీసి ఏం సాధిస్తాం. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

పంపు మోటారు విప్పి పెట్టాను. మళ్ళీ రాస్తాను.

బావ


రికార్డుల గది
మార్చి 22

బావగారికి,

ఆ నియమం రాసి నిన్న నడిపాను. రెండువందల పద్నాలుగు కార్డులు తప్పాయి. అన్నీ సన్నత్రాసులవి. మందుల షాపులవి, నగల పనివాళ్ళవి. అన్నీ షాపు మూసేముందు మూడేళ్ళవి. అంటే నేను ప్రెస్సులో పని దొరికి వెళ్ళిపోయిన తరవాతవి.

సరిచేసినవారి దగ్గర ముక్కోణం ఉంది. సరిచూసినవారి దగ్గరా ముక్కోణమే ఉంది. ముక్కోణం మీ గుర్తు. మామయ్య గుర్తు, చుట్టూ గీత ఉన్న చుక్క, వాటిలో ఒక్కదాని మీదా లేదు. ఒక్కో చీటీ ఎక్కిస్తున్నప్పుడు నా కంటికి ఆనలేదు. అన్నీ ఒకేసారి తెర మీద నిలబడితే కనపడింది.

మీ పోయిన ఉత్తరం మళ్ళీ చదివాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అవి మందులు తూచే త్రాసులు. ఆవగింజంత తేడా వస్తే ఏమవుతుందో మామయ్య మనిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఎన్నిసార్లు చెప్పారో మీకు తెలుసు. ఆయన కళ్ళెదుటే ఇదెలా జరిగిందో నాకు అర్థం కావడం లేదు. తప్పిన కార్డుల జాబితా నేను సంతకం పెట్టి పైకి పంపాలి. అందులో మీ గుర్తు రెండువందల పద్నాలుగుసార్లు ఉంటుంది.

జవాబు రాయగలరు.

మీ బావమరిది


ఇల్లు
మార్చి 30

ఉత్తరం అందింది.

ముక్కోణం నాదే. రెండు చోట్లా నేనే వేశాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆ కార్డులు గుజ్జుకి పంపించు. రెండువేల తొమ్మిది వందలు మిగుల్తాయి. నాన్న పేరు నిలబడటానికి అవి చాలు.

బావగారు


ఇల్లు, వంటగది
ఏప్రిల్ 6

తమ్ముడికి,

ఇది రాస్తున్నట్టు ఆయనకి తెలీదు. పోస్టు డబ్బాలో నేనే వేస్తాను.

నువ్వు 'మీరు' అని రాసిన చోట వేలు పెట్టి నాకు చూపించారు. ఆ రోజు నుంచి మోటారు విప్పుతున్నారు, బిగిస్తున్నారు. అది ఎప్పుడో బాగైపోయింది.

చిన్నప్పటి నుంచీ నీ గుణం నాకు తెలుసు. లెక్క తేలాక ఇక మనిషిని చూడవు. అందుకని లెక్కలోకి రానిది ఒకటి చెప్తున్నాను.

మామయ్యకి చూపు పోయింది. నువ్వు ప్రెస్సుకి వెళ్ళిన నాలుగో నెలకే. ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు పక్కన చెయ్యి పెట్టి తడుముతుంటే నేను చూశాను. "మసక మసకగా ఉందమ్మా, వెలుతురు తక్కువైంది" అన్నారు. మిట్టమధ్యాహ్నం అది. డాక్టరు చూసి, ఆలస్యమైంది, ఇక రాదన్నాడు.

నీకు రాస్తానని కాగితం తీశాను. మామయ్య చేత్తో తడిమి ఆ కాగితం లాక్కున్నారు. "వాడికి తెలిస్తే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాడు. నా కళ్ళకి బదులు వాడి చేతులు కట్టేస్తామా?" అని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నారు. నేను ఇప్పుడు తప్పాను. తప్పితే తప్పాను.

ఆ తరవాత షాపులో ఇద్దరూ తలుపులేసుకుని ఏం చేసేవారో నాకు తెలీదు. నేను టీ తీసుకెళ్ళి గుమ్మం బయట నిలబడితే లోపల్నుంచి అంకెలు వినపడేవి. ఎడమ ఏడు, కుడి ఆరున్నర, ఎడమ ఆరు. టీ చల్లారిపోయేది.

ఆయన్ని అడుగు. నువ్వడిగితే చెప్తారు. మామూలుగా అడుగు.

అక్క


రికార్డుల గది
ఏప్రిల్ 12

బావా,

అక్క రాసింది. ఆవిణ్ణేమీ అనకు.

నేను తప్పు రాశాను. ఆ ఉత్తరం తిరిగి పంపితే చింపేస్తాను. ఉంచుకోవాలనుకుంటే ఉంచుకో, అదీ న్యాయమే.

జాబితా పైకి పంపలేదు. ఇంకా రెండున్నర నెలలుంది. నియమం తీసెయ్యమంటే ఒక్క నిమిషం పని, రెండువందల పద్నాలుగూ చెల్లిపోతాయి. నువ్వు మొదట అడిగింది అదే. కాని అలా చేస్తే ఆ మూడేళ్ళూ ఆ గదిలో ఏం జరిగిందో ఎవరికీ తెలియకుండా పోతుంది, నాతో సహా.

మామయ్యకిచ్చిన మాట నాకు చెప్పకూడదని. అక్క చెప్పేసింది. ఇక దాచడానికి ఏమీ లేదు. తలుపు లోపల ఏం చేసేవాళ్ళు? వరసగా రాయి.

చిట్టా


ఇల్లు, వెనక వరండా
మే 3

ఒరేయ్ చిట్టా,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

సన్నత్రాసు ఊగడం ఆగేదాకా కూర్చుంటే పొద్దుపోతుందని మనం ఆగేవాళ్ళం కాదు, గుర్తుందా. ముల్లు ఎడమకి ఎంత పోతోందో, కుడికి ఎంత పోతోందో ఐదుసార్లు చూసి, సగటు కట్టి, చివరికి ఎక్కడ నిలబడుతుందో ముందే చెప్పేవాళ్ళం. చూడటానికి కళ్ళు కావాలి, కట్టడానికి బుర్ర కావాలి. నాన్నకి రెండోది ఉంది. అందుకని ముల్లు నేను చూసి పైకి చదివేవాణ్ణి. ఆయన స్టూలు మీద కూర్చుని, అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వింటూ లెక్క కట్టేవారు.

నేను సరిగ్గా చదువుతున్నానని ఆయనకెలా తెలుస్తుంది? త్రాసు బాగుచేసింది నేనే. దాన్ని బాగుందనిపించుకోవాలని నాకూ ఉంటుంది కదా. దానికో ఉపాయం చేశారు. సరిచూసేముందు నన్ను బయటికి పంపేవారు. ఏదో ఒక పళ్ళెంలో తన వెంట్రుకలోంచి కంటికి ఆననంత ముక్క వేసేవారు. ఒక్కోరోజు వేసేవారు కాదు. వేశారో లేదో నాకు చెప్పేవారు కాదు. వేస్తే, నేను చదివే అంకెల్లో ఆ వెంట్రుక తేలాలి. తేలకపోతే నేనైనా అబద్ధం ఆడుతున్నట్టు, త్రాసైనా మొద్దుబారినట్టు. మూడేళ్ళలో పదకొండుసార్లు త్రాసు మళ్ళీ విప్పించారు. పదిసార్లు తప్పు త్రాసుదే. ఒక్కసారి నాది. విసుగొచ్చి చూడకుండానే అంకె చెప్పాను. "బయటికెళ్ళి నీళ్ళు తాగి రా" అన్నారు. అంతే అన్నారు. ఇప్పటికీ నీళ్ళు తాగుతుంటే గుర్తొస్తుంది.

మొదటి కార్డు రాసేటప్పుడు, "సరిచూసిన చోట మీ చుక్క పెట్టండి" అన్నాను. "చూడనివాడు చూశానని గుర్తు వెయ్యకూడదురా. చూసింది నువ్వు. నీదే వెయ్యి" అన్నారు.

"మరి గాజుపెట్టె మీద రాసిందో?" అన్నాను.

"అది తప్పామని కార్డు చెప్తుంది. చెప్పనీ. అబద్ధం చెప్పడం కంటే నయం కదా" అన్నారు.

అదిరా సంగతి. ఆయన నియమాన్ని తప్పించింది ఆయనే. దొంగ చుక్క పెట్టుంటే నీ యంత్రం ఏమీ కనిపెట్టేది కాదు. నీకు నేనెందుకు చెప్పలేదంటే, చెప్తే ఆయన గుడ్డివాడని కాగితం మీద పడుతుంది. మందుల షాపులవాళ్ళు ఆయన చెయ్యి తగిలిన త్రాసంటే కళ్ళు మూసుకుని తీసుకెళ్ళేవారు. నా పేరు పోతే పోనీ అనుకున్నాను. నా పేరుతో ఇప్పుడెవరికి పని.

ఒకటి మాత్రం నీకు చెప్పాలి. ఆఖరి ఏడాది నాలుగు రోజులు ఆయనకి జ్వరం వచ్చింది. మందుల షాపాయన తొందరపెట్టాడు. మూడు త్రాసులు నేనే సరిచేసి, నేనొక్కణ్ణే చూసి, ఇచ్చేశాను. ఆ మూడింటికీ వెంట్రుక లేదు. కార్డు నంబర్లు వెనక రాశాను. అవి నిజంగా తప్పినవే.

బావ


రికార్డుల గది
జూన్ 11

బావా,

నీ ఉత్తరం సెక్షన్ హెడ్‌కి చూపించాను. నిన్ను అడక్కుండా చూపించినందుకు తిట్టు. ఆవిడ నిలబడే మొత్తం చదివి, ఆ కార్డుల్లో ఒకటి చేతికిమ్మంది. వెనకా ముందూ తిప్పి, "చట్టం కార్డుకి సరిపోలేదండీ. కార్డు మీద నేరం మోపాం" అంది.

నిజమే. సరిచూసినవారు అన్న చీటీ ఒక్కటే ఉండాలని రాసింది నేను. ఇద్దరు కలిసి ఒకే చూపు చూడొచ్చని నాకు తోచలేదు. రిలాక్స్ ఎన్‌జీలో ఆ చీటీ పేరు పక్కన ఒక కూడిక గుర్తు పెట్టాను. ఒకరు గాని, అంతకంటే ఎక్కువమంది గాని ఉండొచ్చని దాని అర్థం. ఇంత చిన్న మార్పుకి ఇన్ని నెలలు పట్టింది. స్కీమాట్రాన్‌లో నియమం ఇలా మార్చాను: సరిచూసినవారిలో ఒక్కరైనా సరిచేసినవాడు కానివారై ఉండాలి. మామయ్య కోరిందీ అదేనని నా నమ్మకం.

కార్డు మీది పాత రాత ముట్టుకోలేదు. మామయ్య పేరు తరవాత చేర్చినదని, నీ మాట మీద చేర్చినదని పక్కనే చీటీ ఉంటుంది. నీ ఉత్తరం నకలు పెట్టెలో ఉంటుంది. నువ్వు చూశావని, ఆయన లెక్క కట్టారని ఉంటుంది. చూపు సంగతీ ఉంటుంది. అది లేకుండా రాయడం నాకు చేతకాలేదు.

నిన్న మళ్ళీ నడిపాను. రెండువందల పదకొండు చెల్లాయి. నువ్వు చెప్పిన మూడూ తప్పాయి. వాటికి నేను రాసిపెట్టిన మాట వచ్చింది, 'రెండో మనిషి ఎవర్రా?' అని. ఆ రెండో మనిషిని నేనే అయ్యుండాల్సింది. ఆ మూడేళ్ళలో ఇంటికి నేను రాసిన ఉత్తరాలు రోజు పుస్తకంలో చూశాను. ఏడు. ఒక్కదానిలోనూ ఆయన కళ్ళ గురించి అడగలేదు.

ఆ మూడు కార్డులూ ముప్ఫయ్యో తేదీన గుజ్జుకి పోతాయి. నా సొరుగులో దాచుకోవచ్చు, ఎవరూ అడగరు. దాచడం లేదు.

చెల్లినవాటిలో ఒకటి అచ్చు తీసి దీనితో పంపుతున్నాను. ఇద్దరున్నచోట ఎవరి పేరు ముందున్నా యంత్రానికి ఒకటే. కార్డు మీద మొదటి నుంచీ ఉన్నది నీ గుర్తు కాబట్టి నీ పేరు పైన ఉంది.

ఈ రోజుతో ఎక్కించడం అయిపోయింది.

చిట్టా


ఇల్లు, వెనక వరండా
జూన్ 17

ఒరేయ్ చిట్టా,

అచ్చు కాగితం అందింది. మీ అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది, నేను విన్నాను. సరిచూసినవారు అని నా పేరు చదివి, మళ్ళీ సరిచూసినవారు అని ఆయన పేరు చదివింది. ఇంకోసారి చదవమన్నాను. "అక్షరాలు మీకూ వచ్చుగా" అంటూనే చదివింది. ఆ పని ఇద్దరం చేశామని కాగితం మీద ఉండటం ఇదే మొదలు.

చూపు సంగతి రాసినందుకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయనే ఉంటే, "సరే, ఉన్నదే కదా రాశాడు" అని గుడ్డతో చేతులు తుడుచుకునేవారు.

ఆ మూడూ పోనీ. నువ్వు దాచుకునుంటే నీ మొహం చూసేవాణ్ణి కాదు.

నువ్వు వెళ్ళిపోవడం గురించి రాశావు. నువ్వుంటే ఆయన నీచేత చూపించి ఊరుకునేవారు. నేను పైకి చదువుతుంటే ఆయన పక్కన కూర్చుని వినడం ఉండేది కాదు. ఆ మూడేళ్ళు నాకు దక్కాయి. అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో మా ఇద్దరి మధ్యా అన్ని మాటలు లేవు, అవి అంకెలే అయినా. కాబట్టి ఆ పద్దు నీ పుస్తకంలోంచి కొట్టెయ్.

ఒక్కటి మాత్రం మార్చాలి. ఎవరి పేరు ముందున్నా యంత్రానికి ఒకటేనన్నావు. దానికి నాన్న లేడు కాబట్టి అలా అంటుంది. రెండువందల పదకొండింటిలోనూ ఆయన పేరు పైన ఉండాలి, నాది కింద. ముప్ఫయ్యో తేదీలోగా నీ ఒక్కడివల్ల కాదని తెలుసు. సోమవారం బండికి వస్తున్నాను. నీ పక్కన కుర్చీ వేసి ఉంచు. కార్డు పట్టుకుని ఒక్కో నంబరూ నేను పైకి చదువుతాను, నువ్వు వింటూ మార్చుకుంటూ పో.

బావ